లోపలి అట్ట

సోమవారం పొద్దున్నుంచీ చినుకు ఆగలేదు. గారుత్ ఊళ్ళో సుకారెగాంగ్ తోళ్ళ బజారు చివర, పకోడీల బండికీ గొడుగులు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న మిమిన్ కొట్టు ముందుకి ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి. టీ ఆకు కోసి కోసి నల్లబడిన వేలికొసలు. చేతిలో ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ఇంకో సంచి, దాన్లో ఇంకోటి. మూడూ విప్పి, నాలుగోది విప్పకుండా గుండెలకు ఆనించుకుని నిలబడిపోయింది.

"పిల్లిని తెచ్చావా తేతే, అట్లా పట్టుకున్నావు?" అంది మిమిన్.

తేతే అని, అక్కా అన్నట్టు పిలిచేసరికి ఆ మనిషి ముఖం కొంచెం తెరిపిన పడింది. "పిల్లి కాదమ్మా. బూట్లు. మా ఆయనవి. ఎలకలు కొట్టినాయి."

మిమిన్ సంచి అందుకుని చూసింది. కొండలెక్కేవాళ్ళు వేసుకునే గోధుమరంగు తోలు బూట్లు. పైన తోలు నిక్షేపంలా ఉంది. కుట్టు ఒక్కటి కూడా తెగలేదు. కింద మాత్రం సోలు పాతబడిన బెల్లం గడ్డలా పొడిపొడిగా రాలుతోంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

"ఎలకలు కాదు తేతే. ఇది అచ్చులో పోసిన సోలు. రోజూ నడుస్తుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. నడవకుండా పెడితే దానంతటదే పొడైపోతుంది. ఎన్నాళ్ళు దాచావు?"

"తొమ్మిదేళ్ళు. గాలి సోకకుండా దాచాను. చెమ్మ తగలకూడదని నాలుగు సంచులు కట్టాను."

"ఆ సంచుల్లోనే చెమ్మ నిలిచిపోయి ఉంటుంది. గాలి తగిలితే ఇంత పాడయ్యేది కాదు."

అన్నాక నాలుక కరుచుకుంది మిమిన్. ఆ మనిషి ముఖంలో ఏదో చప్పున ఆరిపోయింది. మిమిన్‌కి ఇదొక జబ్బు. మాట నోరు దాటేదాకా తెలియదు, దాటాక మూడు రోజులు నిద్ర పట్టదు. "నీ ఒక్కదానికే కాదులే," అని సర్దబోయింది. "నా దగ్గరకొచ్చేవాళ్ళలో సగం మంది ఇట్లాంటివాళ్ళే. వేసుకున్నవాళ్ళు చిల్లులతో వస్తారు, దాచుకున్నవాళ్ళు పొడితో వస్తారు. కొత్త సోలు వేస్తాను. పైన తోలు బంగారంలా ఉంది."

"శుక్రవారానికి కావాలి. శనివారం కొండెక్కాలి."

"ఎవరు?"

"నేనే. చికురాయ్."

"ఈ బూట్లేసుకునా? ఇవి నలభై మూడు. నీ పాదం ముప్ఫై ఆరు కూడా ఉండదు."

"గుడ్డలు కుక్కుకుంటాను."

పక్క బండి దగ్గర క్యాబేజీ పకోడీలు తిప్పుతున్న ఇచి నవ్వు ఆపుకోలేకపోయింది. "గుడ్డలెందుకు పిన్నీ, అందులో ఇంకో మనిషిని కుక్కుకోవచ్చు."

ఆ మనిషి నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. "ఒకటే మాట," అంది మిమిన్ వైపు చూస్తూ. "వీటిని కడగొద్దు. బురద ఉంటే ఉండనీ. నీళ్ళు మాత్రం తగలనివ్వొద్దు."

పేరు సుతియా అని చెప్పింది. కొండ కింద టీ తోట ఊరు. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, బూట్లనే.

వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే మిమిన్‌కి తన మొగుడు గుర్తొస్తాడు. పదకొండేళ్ళ కింద ఆఖరిసారి పోతూ ఒజో అట్లా చూడలేదు. భుజాన వెదురు కావడి, కావడికి రెండు వైపులా రెండు చెక్కపెట్టెలు, ఒకదాంట్లో సోళ్ళు, ఒకదాంట్లో తోలు కుట్టే ఆరెలూ దారాలూ. గారుత్ నుంచి అట్లా కావడి ఎత్తుకుని నగరాలకి పోయే సోళ్ళవాళ్ళు వందల మంది. రెండు నెలలకోసారి వస్తారు, పండక్కి వస్తారు. ఒజో కూడా ఆరేళ్ళు అట్లాగే వచ్చాడు. ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చాడు. ఆ తర్వాత పండక్కి మాత్రం. ఆ తర్వాత అక్కడ ఇంకో ఇల్లుందని, ఆ ఇంట్లో ఉయ్యాల ఉందని ఎవరో చెప్పారు. పోట్లాట లేదు, మాట లేదు. సన్నగా వస్తున్న దారం ఒకచోట చటుక్కున అయిపోయినట్టు అయిపోయింది.

అతను వదిలిపెట్టి పోయింది ఒక ఆరె. రెండుంటే ఒకటి ఇంట్లో ఉంచాడు. జామకర్ర పిడి. ఆ పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న గుంట. ఆ గుంటలో తన వేలు పెట్టే మిమిన్ కుట్టడం నేర్చుకుంది. చెప్పులు, బడిపిల్లల బూట్లు, పోలీసుల బూట్లు, కొండలెక్కే కుర్రాళ్ళ బూట్లు. పదకొండేళ్ళు కుట్టింది. ఎవరైనా ఆ ఆరె అరువడిగితే కొత్తది కొనిస్తానంది గాని అదివ్వలేదు. దానిలో ఒజో వేలుంది కదా అనుకునేది.

మంగళవారం మిమిన్ సుతియా బూట్లు ఒళ్ళో పెట్టుకుంది. పాత సోలు చేత్తోనే ఊడొచ్చింది. తోలుకి అంటుకున్న జిగట మిగులు కత్తితో గీకి, ఆకురాయితో గరుకుగా రుద్ది, గుడ్డతో పొడి తుడిచింది. నీళ్ళు తగలనివ్వలేదు. మడమ పక్కన ఎండిన ఎర్రమన్ను చారిక ఉంటే దాని జోలికే పోలేదు. బజార్లో వెతికి అదే అచ్చు పళ్ళున్న నల్ల రబ్బరు సోళ్ళు తెచ్చింది. రెండు వైపులా బంక పూసి, వేలి వెనక భాగానికి అంటుకోకుండా అయ్యేదాకా ఆరనిచ్చి, పొయ్యి సెగ చూపించి, ఇనుప పాదం మీద బోర్లించి సుత్తితో అంచులన్నీ దిగ్గొట్టింది.

ఆ తర్వాత కుట్టు. అచ్చు సోలుకి బంక ఒక్కటే చాలదని ఒజో అనేవాడు. చుట్టూ కుట్టు పడాలి. కుట్టు పడాలంటే బూటు లోపల పాదం కింద ఉండే అట్ట తీసెయ్యాలి. కుడిచేత్తో బయటినుంచి ఆరె గుచ్చితే, ఎడమచెయ్యి బూటు లోపల, చీకట్లో, దారాన్ని పట్టుకుని ఆరె కొస కొక్కేనికి తగిలించాలి. కళ్ళతో పని లేదు. ఆ ఎడమచేతికి ఇన్నేళ్ళలో ఎన్ని పాదాల గుంటలు తెలిసాయో. మడమ పక్కకి ఒరిగేవాళ్ళు, బొటనవేలు తన్నిపెట్టి నడిచేవాళ్ళు, చిటికెన వేలు ముడుచుకునేవాళ్ళు.

ఈ బూట్లలో అట్ట గొర్రెతోలుది. చెమటకి నల్లబడి, గట్టిబడి, ఐదు వేళ్ళకి ఐదు గుంటలు, మడమకి పెద్ద గుంట. మిమిన్ చూసింది. చూసి, అలవాటుగా రెండింటినీ చెత్తగోనెలో పడేసింది. కింద కొత్త సోలు వేస్తే లోపల కొత్త అట్ట వెయ్యాలి, అప్పుడే మనిషికి కొత్త బూటు వేసుకున్నట్టుంటుంది అనేది ఒజో పెట్టిన నియమం. దానికి విడిగా ఏమీ తీసుకోదు. మెత్తని కొత్త తోలు చూసి, కొలిచి, కత్తిరించి, రెండు అట్టలు వేసింది. తొమ్మిదేళ్ళు దాచుకున్న మనిషి కదా అని అంచులకి మైనం కూడా రాసింది.

బుధవారం బట్టీ పనివాడు దయత్ బండి తోలుకొచ్చాడు. బజారంతా అతన్ని మాంగ్ అని, బాబాయ్ అన్నట్టు పిలుస్తుంది. రబ్బరు ముక్కలూ తోలు ముక్కలూ ఉన్న గోనె ఎత్తుకుని చిమనుక్ ఏటి ఒడ్డున ఇటుకబట్టీకి తీసుకుపోయాడు. బట్టీ రాజెయ్యడానికి వాళ్ళకి పనికొస్తాయి.

గురువారం మధ్యాహ్నం చెప్పకుండా సుతియా వచ్చింది. "బజారు పని ఉండి వచ్చాను, ఒకసారి చూసిపోదామని," అంది, ఆ బజారులో ఆమెకి ఏ పనీ లేదని ముఖమే చెబుతున్నా. మిమిన్ బూట్లు తీసి బల్ల మీద పెట్టింది. సుతియా వాటిని తిప్పి చూసింది. కొత్త సోలు పళ్ళ మీద అరచెయ్యి పెట్టి రాసింది. మడమ పక్కన ఎర్రమన్ను చారిక అట్లాగే ఉండటం చూసి, "కడగలేదు," అంది మెల్లగా, ఎవరికో కబురు చెబుతున్నట్టు.

అప్పుడు చెయ్యి లోపల పెట్టింది.

పెట్టిన చెయ్యి తియ్యలేదు. అటూ ఇటూ కదిపింది. రెండో బూటులో పెట్టింది. ముఖంలో రక్తం లేదు.

"లోపల ఉన్నదేది?"

"కొత్త అట్ట వేశాను తేతే. పాతది బాగా గట్టిబడిపోయింది. డబ్బులేమీ వద్దు, ఊరికే..."

"పాతదేది?"

మిమిన్ గోనె ఉండే ఖాళీ మూల వైపు చూసింది.

సుతియా ముక్కాలిపీట మీద కూర్చుంది. మిమిన్‌కి కాకుండా బూట్లకి చెబుతున్నట్టు చెప్పింది. "ఆయన పేరు అదుంగ్. పైకెక్కేవాళ్ళ సామాన్లు మోసేవాడు. చికురాయ్ మీద నీళ్ళు దొరకవు కదా, నీళ్ళ డబ్బాలు మోయడానికే మనుషులు కావాలి. నాలుగేళ్ళు ఈ బూట్లతోనే ఎక్కాడు. ఒక గురువారం నేను వీటిని కడిగాను. మురికిగా ఉన్నాయని. ఆయన అడగలేదు. నేనే కడిగాను. ఈ మడమ పక్క చారిక ఒక్కటే పోలేదు. శుక్రవారం వాన, ఎండ లేదు, ఆరలేదు. శనివారం తెల్లారుజామున తడి బూట్లు కాలికి ఎక్కక, హవాయి చెప్పులేసుకుని పోయాడు. మూడో రోజు లోయలోంచి తెచ్చారు. ఒక కాలికి చెప్పు ఉంది."

ఇచి పకోడీల గరిట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నూనెలో ఏదో మాడుతోంది.

"పోయాక వీటిలో చెయ్యి పెట్టి చూశాను," అంది సుతియా. "తోలు ఆరింది. ఆయన పాదం లోపల అట్లాగే ఉంది. ఐదు వేళ్ళూ. నీళ్ళకి పోలేదు. ఆయన ఎక్కాల్సిన కొండ ఎక్కకుండా అవి ఇంట్లో ఉండిపోయినాయి. ఒక్కసారి ఆ పాదంలో నా పాదం పెట్టి, ఆయన జారిన చోటుదాకా వెళ్ళొస్తే చాలనుకున్నాను. ఇన్నేళ్ళు ధైర్యం చాలలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరుగుతున్నాయి, ఇంకా ఆగితే ఎక్కలేను."

మిమిన్ బూట్లు తన వైపు లాక్కుంది. "రేపు రా తేతే," అంది. "రేపు మధ్యాహ్నానికి."

సుతియా లేచి, బూట్లు అక్కడే వదిలి వెళ్ళింది. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. అది చూసి మిమిన్‌కి ఇంకా భయమేసింది.

"కొట్టు చూస్తూ ఉండు," అంది ఇచితో.

"ఎక్కడికే, ఈ వానలో?"

"బట్టీకి."

"నిన్న పోయిన గోనె ఇంకా ఉంటుందా? నీకు మతి ఉందా మిమిన్, వాళ్ళు పొద్దున్నే రాజేస్తారు."

మిమిన్ అప్పటికే రోడ్డెక్కింది. మోటారు సైకిలువాడొకణ్ణి ఆపి వెనక కూర్చుంది. దారి పొడుగునా, బట్టీ పొగ కనిపిస్తుందేమోనని తల పక్కకి పెట్టి చూస్తూనే ఉంది. పొగ కనిపించింది. ప్రాణం ఉసూరుమంది.

బట్టీ దగ్గర దయత్ ఇటుకలు పేర్చే రేకుల కొట్టంలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు.

"మాంగ్ దయత్, నిన్న నా దగ్గర్నుంచి తెచ్చిన గోనె?"

"ఏం, బంగారం పడేసుకున్నావా?"

"అంతకంటే ఎక్కువ."

ఆమె ముఖం చూసి దయత్ కాఫీ కింద పెట్టాడు. నాలుగు గోనెలు మూల పడున్నాయి, వానకి తడవకుండా రేకు కప్పి. రాజేసింది వేరేవాళ్ళ గోనెలట. మిమిన్ గోనె అడుగునుంది. ఇద్దరూ కలిసి లాగి బోర్లించారు. రబ్బరు పొడి, మడమ ముక్కలు, తెగిన పట్టీలు, పోలీసు బూట్ల నాలుకలు. చేతులతో చెరిగినట్టు చెరిగింది మిమిన్. ఒకటి దొరికింది. ఎడమది. గుంటలన్నీ అట్లాగే ఉన్నాయి. ఒడిలో పెట్టుకుని రెండోదాని కోసం వెతికింది. గోనె అడుగుదాకా వెతికింది. మళ్ళీ మొదట్నుంచి వెతికింది.

దయత్ గొంతు సవరించుకున్నాడు. "తోలుదేనా? గొర్రెతోలుది, నల్లటిది?"

"అవును."

అతను కూర్చుని కుడికాలి రబ్బరు బూటు లాగాడు. లోపల చెయ్యి పెట్టి, తడిసిన తోలు అట్ట ఒకటి బయటికి తీశాడు. "గోనె మూతి దగ్గరే కనిపించింది. మంచి తోలు కదా, పారెయ్యడమెందుకని. నా కుడి బూటు అడుగున చిల్లు. ఎడమదానికి అవసరం లేదని దాన్ని ముట్టుకోలేదు. తప్పేమైనా అయిందా?"

"లేదులే," అంది మిమిన్. ఇంకేమంటుంది? తను పారేసిన దాన్నే కదా అతను తీసుకున్నాడు.

అట్ట వెలుతురులోకి తెచ్చి చూసింది. ఒకటిన్నర రోజు. అంతే. తడి బూటు, బరువైన మనిషి, ఇటుకల మోత. అదుంగ్ వేళ్ళ గుంటలున్నచోట అంతా చదునైపోయి, దయత్ పాదం వెడల్పుగా, పలకలా పరుచుకుని ఉంది. దయత్ బొటనవేలు పక్కకి తిరిగి ఉంటుందని ఇప్పుడు ప్రపంచంలో మిమిన్ ఒక్కదానికే తెలుసు. తొమ్మిదేళ్ళు చెరగని పాదం ఒకటిన్నర రోజులో పోయింది.

శుక్రవారం పొద్దున్నే కొట్టు తెరిచింది. రాత్రంతా మనసులో ఒకే మాట తిరిగింది. ఎడమది ఉంది. ఎడమది చూసుకుంటూ కుడిది చెయ్యొచ్చు. తోలు నానబెట్టి, వేళ్ళ గుంటలు ఒక్కొక్కటే నొక్కి, ఆరబెట్టి, నల్లమైనం రాస్తే అచ్చం అట్లాగే ఉంటుంది. అదుంగ్ బతికున్నా పోల్చుకోలేడు. పోయిన మనిషి పాదం పోలేదని ఒక ముసలిదానికి చెప్పడం పాపమా? ఆమె తృప్తిగా కొండెక్కుతుంది, తృప్తిగా దిగుతుంది. ఎవరికి నష్టం?

పాత తోలు ముక్కొకటి నానబెట్టి, కొలత ప్రకారం కోసింది. ఎడమ అట్ట పక్కన పెట్టుకుని, వేళ్ళ గుంటలు నొక్కడానికి ఆరె తిరగేసి పట్టుకుంది, జామకర్ర పిడి కొస గుండ్రంగా ఉంటుందని. బొటనవేలి గుంట మొదటిది. నొక్కింది. సరిగ్గా వచ్చింది. రెండోది నొక్కబోతూ పిడి వైపు చూసింది.

ఒజో బొటనవేలు వెడల్పు. గరిటె చివరలా ఉండేది. అన్నం తినేటప్పుడు, తాళం తిప్పేటప్పుడు, ఆమె నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసేటప్పుడు ఆ వేలు ఎంత వెడల్పో ఆమెకి బాగా తెలుసు. పిడి మీద గుంట సన్నగా, పొడుగ్గా ఉంది. వేలు పెట్టి చూసింది. గోరు దగ్గర్నుంచి కణుపు దాకా, వెంట్రుకవాసి తేడా లేకుండా తన వేలే.

ఎప్పుడు పోయిందో తెలియదు. రెండో ఏడా, ఐదో ఏడా? ఏ బూటు కుడుతున్నప్పుడు ఒజో వేలి చివరి అంచు అరిగిపోయిందో, ఆ రోజు తను ఏం వండుకుందో, ఎవరితో నవ్వుతూ మాట్లాడుతోందో. రోజూ అతని వేలు ముట్టుకుంటున్నాననుకుంటూ, రోజూ కొంచెం కొంచెం తనే దాన్ని చెరిపేసింది.

ఆరె పక్కన పెట్టింది. తర్వాత నానిన తోలు ముక్క తీసి, వేసిన ఆ ఒక్క గుంటా కనిపించకుండా బండ మీద పెట్టి సుత్తితో చదును చేసింది.

సుతియా మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చింది. మిమిన్ ఏదీ దాచలేదు. ఎడమది చేతికిచ్చింది. కుడిది కూడా ఇచ్చి, దయత్ సంగతి చెప్పింది. "ఇది పోయింది తేతే. నా వల్ల పోయింది. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

సుతియా ఎడమ అట్టని చాలాసేపు చూసింది. ఐదు గుంటల్లో ఐదు వేళ్ళ కొసలు పెట్టింది. తర్వాత కుడిది తిప్పి చూసింది.

"ఈ దయత్ ఎవరో గాని, పెళ్ళాం మంచిగా వండి పెడుతున్నట్టుంది," అంది.

ఇచి పక్కనుంచి చటుక్కున, "మాంగ్ దయత్ అంటే దున్నపోతే పిన్నీ," అంది. ఈసారి సుతియా కొంచెం నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పోనీలే. మా ఆయన కుడికాలు ఎప్పుడూ గడప బయటే ఉండేది. నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా. ఇంట్లో ఉన్నది ఈ ఎడమదే. నాకు దక్కాల్సింది దక్కింది."

మిమిన్‌కి అక్కడితో ఊరుకోవాలనే ఉంది. అయినా చెప్పకపోతే ఇంకో తప్పవుతుంది. "తేతే, ఇంకో మాట. ఈ ఎడమది వేసుకుని కొండెక్కితే ఇది కూడా పోతుంది. ఎక్కి దిగడానికి పొద్దంతా పడుతుంది. చెమట, వాన. ఒకటిన్నర రోజులో దయత్ ఏం చేశాడో చూశావుగా. కావాలంటే దీన్ని తీసి ఇంట్లో పెట్టుకో. బూట్లలో నేను వేసిన కొత్తవి ఉన్నాయి, వాటితో ఎక్కు. ఇది మిగులుతుంది."

సుతియా కిందికి వంగింది. చెప్పు విప్పి, ఎడమ అట్టని నేల మీద పెట్టి, దాని మీద తన పాదం పెట్టింది. చిన్న పాదం. పెద్ద పాదం గుంటలో మధ్యకి వచ్చి ఆగింది. నడుముకి చుట్టుకున్న లుంగీ కొంచెం ఎత్తి పట్టుకుని, ఒంటికాలి మీద బరువంతా వేసి నిలబడింది. బజారు జనం పక్కనుంచి పోతున్నారు. వాన మళ్ళీ మొదలైంది. మిమిన్ కళ్ళు దించుకుంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండకూడని చోట ఉన్నట్టనిపించింది.

"నువ్వే చెప్పావు కదా," అంది సుతియా చివరికి. "నడవకపోతే దానంతటదే పొడైపోతుందని."

"అది సోలు సంగతి తేతే."

"నేను ఇరవై ఆరేళ్ళు ఆయనతో నడిచాను, తొమ్మిదేళ్ళు సంచుల్లో కట్టి పెట్టాను. ఆ సంచులు చేసింది చూశాను. పోతే నా కాలి కిందే పోనీ. అందులో వెయ్యి."

మిమిన్ ఎడమ బూటులోంచి తన కొత్త అట్ట తీసేసి, పాతది వేసి, అంచులు వేలితో సర్దింది. కుడిదాంట్లో కొత్తది అట్లాగే ఉంచింది. ముందు ఖాళీ నిండేలా రెండింటిలోనూ దూది చుట్టి కుట్టిన గుడ్డ ఉండలు పెట్టింది. మడమ దగ్గర మాత్రం ఏమీ పెట్టలేదు, అక్కడ సుతియా పాదానికీ ఆ అట్టకీ మధ్య ఏదీ ఉండకూడదని.

శనివారం పొద్దున్నుంచీ మిమిన్ కొండ వైపే చూస్తూ గడిపింది. చికురాయ్ కొస మబ్బులో ఉంది. మధ్యాహ్నం మబ్బు విడితే ఊపిరి పీల్చుకుంది, సాయంత్రం మళ్ళీ కమ్మితే పని వదిలి రోడ్డు మీదకొచ్చి నిలబడింది. ఆ అరవై ఏళ్ళ మనిషిని కొండకి పంపింది తనేనా? బూట్లు కుట్టి ఇచ్చింది తనే కదా. కుట్టు తెగితే? సోలు జారితే? ఆదివారం కొట్టు మూసి ఉంచాలి, అయినా తెరిచి కూర్చుంది. ఎవరూ రాలేదు.

సోమవారం పొద్దెక్కాక, బజారు అటువైపు నుంచి తప తప మని చప్పుడొచ్చింది. సైజు ఎక్కువైన బూట్లు నేల మీద పడే చప్పుడు. ఇచి గరిటె ఎత్తి చూసి, "వస్తోంది వస్తోంది, సైన్యం వస్తోంది," అంది.

సుతియా ఆ బూట్లు వేసుకునే వచ్చింది. చీలమండల దాకా ఎండిన ఎర్రమన్ను. ముఖం ఎండకి కమిలి ఉంది. పీట మీద కూర్చుని ఎడమ బూటు విప్పి ఇచ్చింది. "పక్కన కుట్టు ఒకటి లేచింది చూడు."

"వెళ్ళగలిగావా తేతే?"

"ఆ చోటుదాకా వెళ్ళాను. కొస దాకా వెళ్ళలేదు. మా చెల్లెలి కొడుకు చెయ్యి పట్టుకుని దించాడు. అక్కడ కాసేపు కూర్చున్నాను. ఇప్పుడు రాయి వేసి మెట్టు కట్టారు."

మిమిన్ ఆరెకి దారం ఎక్కించి, అలవాటుగా ఎడమచెయ్యి బూటు లోపల పెట్టింది, చీకట్లో. అట్ట తియ్యకుండానే అంచు ఒత్తిగించి లేచిన కుట్టు దగ్గరకి వేళ్ళు పోనిచ్చింది. పోతూ పోతూ మడమ దగ్గర ఆగాయి వేళ్ళు.

"ఉన్నాడా?" అంది సుతియా.

మిమిన్ వేళ్ళతో తడిమింది. పెద్ద గుంట అంచు ఉంది, కొంచెం ఒరిగింది. దాని లోపల ఇంకో చిన్న గుంట పడింది, కొత్తది, లోతుది. వేళ్ళ దగ్గర గుడ్డ ఉండల వల్ల రెండు గుంటలు పోయాయి, మూడు మిగిలాయి.

"ఉన్నాడు. మడమ ఉంది. దాన్లో నీ మడమ కూడా ఉంది. వేళ్ళు మూడున్నాయి."

"ఎన్నాళ్ళుంటాడు?"

"అబద్ధం చెప్పను తేతే. నువ్వు వేసుకున్నకొద్దీ తగ్గుతాడు."

"వేసుకోకపోతే?"

"సోలు పోతుంది."

సుతియా తల ఊపింది. మిమిన్ కుట్టు బిగించి, ముడి వేసి, దారం పళ్ళతో తెంపింది. బురద తుడవడానికి గుడ్డ తీసింది గాని మళ్ళీ పక్కన పెట్టేసింది. సుతియా అది చూసింది. బూటు తొడుక్కుని, తాళ్ళు రెండు చుట్లు చుట్టి కట్టుకుంది.

"వచ్చే సోమవారం సంతకి వీటితోనే వస్తాను," అంది. "నవ్వేవాళ్ళు నవ్వనీ."

"నేను నవ్వుతాను పిన్నీ, ముందే చెబుతున్నా," అంది ఇచి, కాగితంలో నాలుగు వేడి పకోడీలు చుట్టి చేతిలో పెడుతూ.

తప తప మంటూ వెళ్ళింది. మిమిన్ ఆ చప్పుడు వింటూ కూర్చుంది. ఎడమకాలి చప్పుడు ఒకలా, కుడికాలి చప్పుడు ఒకలా ఉంది. గొడుగుల కొట్టు దాటేదాకా వినిపించింది, తోళ్ళ బళ్ళు అడ్డొచ్చాక వినిపించలేదు.

ఇంకో జత చెప్పులు ఒళ్ళోకి లాక్కుని ఆరె అందుకుంది. వేలు గుంటలో పడింది. అప్పుడే వెనక వీధిలో ఎవరో కావడి సోళ్ళవాడు బూట్లకి సోళ్ళని అరుస్తూ పోతున్నాడు, "సోల్... సోల్ సపాతూ..." చివర్న సాగదీసి. పదకొండేళ్ళుగా ఆ కేక విన్నప్పుడల్లా మిమిన్ తల ఎత్తుతుంది. ఈరోజూ ఎత్తింది. లేత గొంతు, ఎవరో కొత్తవాడు. ఆ కేక వీధి మలుపు తిరిగి, దూరమై, పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడు తల దించి మొదటి కుట్టు గుచ్చింది.